హాగిస్ ఉండలా, స్కాచ్ ఎగ్గా, హాడక్ ముక్కా: ఎయిర్ ఫ్రయర్‌లో దేనికి కరకర వస్తుంది?

జనవరి రెండో వారం వచ్చేసరికి గ్లాస్గోలో ఏ సూపర్‌మార్కెట్‌కి వెళ్ళినా ఫ్రిజ్‌లలో హాగిస్ అనే గొర్రె మాంసం వంటకం ప్యాకెట్లు గుట్టలుగా పేర్చి ఉంటాయి. 25వ తేదీ రాత్రి బర్న్స్ నైట్. 1759లో అదే రోజున పుట్టిన కవి రాబర్ట్ బర్న్స్ పేరు మీద స్కాట్లాండ్ అంతా విందులు చేసుకుంటుంది. ఆఫీసుల్లో, యూనివర్సిటీల్లో తలా ఒక వంటకం తెమ్మంటారు. మన పిల్లలు కొత్తగా వచ్చినవాళ్ళు నాకు ఫోన్ చేసేది అప్పుడే. "అక్కా, బ్రెడ్ పొడిలో దొర్లించి వేయిస్తారు కదా, ఆ హాగిస్ ఉండలు ఎయిర్ ఫ్రయర్‌లో వస్తాయా? లేకపోతే మాంసం చుట్టిన గుడ్డు, ఆ స్కాచ్ ఎగ్, చేయమంటావా?"

పోయిన ఏడాది ఒకమ్మాయి ఫొటో పంపింది. బుట్టలో పన్నెండు ఉండలు, ఒక్కొక్కటీ సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. "ఇరవై నిమిషాలు పెట్టా అక్కా. లోపల ఎండిపోయింది, పైన మాత్రం రంగే రాలేదు" అని కింద రాసింది. పాపం, ఆ అమ్మాయి కొలతల్లో తప్పేమీ లేదు. నూనెలో వేయించే వంటను, ఆ పద్ధతి మార్చకుండా గాలిలో పెట్టింది, అంతే.

అందుకే ఏ వంటకం ఎంచుకోవాలో చెప్పేముందు ఈ ఒక్క సంగతి చెప్పాలి. ఎయిర్ ఫ్రయర్ బ్రెడ్ పొడికి రంగు తెస్తుందని ఎదురుచూడకండి. రంగు మీరే ముందు తెచ్చి పెట్టాలి. లోపలిది వేడెక్కించడం, పైపొరని గట్టిపరచడం వరకే మిషన్ పని.

కారణం తేలికే. బాణలిలో వేసినప్పుడు నూనె పొడి రేణువుల మధ్య సందులన్నీ నింపేసి నాలుగు వైపుల నుంచీ ఒకేసారి వేడిని అందిస్తుంది. ఎయిర్ ఫ్రయర్‌లో ఉన్నది పైన ఒక కాయిల్, దాని మీద ఒక ఫ్యాన్. గాలికి నూనెలాగా గబగబా వేడి అందించే శక్తి లేదు. నూనె తగలని బ్రెడ్ రేణువు ఎండుతుంది గానీ ఎర్రబడదు, ఎర్రబడేదాకా ఆగితే లోపలున్న తడి ఆవిరైపోతుంది. మరి ఫ్రోజెన్ ఫిష్ ఫింగర్స్ చక్కగా వస్తున్నాయి కదా అని అడుగుతారు. వాటిని ఫ్యాక్టరీలోనే ఒకసారి నూనెలో ముంచి తీసి గడ్డకట్టిస్తారు. ఆ నూనె, ఆ రంగు ముందే ఉన్నాయి. మనం ఇంట్లో చేయాల్సింది కూడా దాదాపు అదే.

100 గ్రాముల పాంకో (పెద్ద రేకుల బ్రెడ్ పొడి)కి రెండు టేబుల్ స్పూన్ల మామూలు వంటనూనె చాలు. అడుగు మందంగా ఉన్న పాన్‌లో రెండూ వేసి, పొయ్యి సన్నగా పెట్టి, ఉప్మాకి రవ్వ వేయించినట్టు చెక్క గరిటెతో కలుపుతూనే ఉండాలి. మొదటి రెండు నిమిషాలు ఏమీ జరగదు. మూడో నిమిషంలో టోస్ట్ వాసన మొదలవుతుంది. నాలుగో నిమిషానికి రంగు ఒక్కసారిగా పరుగెత్తుతుంది, అక్కడ కన్ను తిప్పకూడదు. తేనె రంగు రాగానే వెడల్పాటి పళ్ళెంలోకి వంచేయండి. పాన్‌లోనే వదిలితే ఆ వేడికే మాడుతుంది. పూర్తిగా చల్లారాకే వాడాలి, లేకపోతే ఉండకి పూసిన గుడ్డు అక్కడికక్కడే ఉడికి పొడి పెచ్చులుగా రాలుతుంది. నేను ఒకేసారి అర కిలో వేయించి డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెడతాను. నెలన్నర వరకూ బాగానే ఉంటుంది.

ఇక ఎంపిక సంగతి.

మొదటిసారి చేసేవాళ్ళకి: హాగిస్ ఉండలు

ఇక్కడి రెస్టారెంట్ మెనూల్లో వీటిని హాగిస్ బాన్ బాన్ అని రాస్తారు. నన్నడిగితే ఎయిర్ ఫ్రయర్ కోసమే పుట్టినట్టుంటుంది ఈ వంటకం. హాగిస్ అంటే గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు సన్నగా కొట్టి, ఓట్ల రవ్వ, గట్టి కొవ్వు, ఉల్లిపాయ, మిరియాలు కలిపి ఉడికించినది. పేరు వినగానే ముఖం ముడుచుకునేవాళ్ళు ఉంటారు. కార్జం వేపుడు, బోటి కూర ఇష్టంగా తినే ఇంట్లో పెరిగినవాళ్ళకి మాత్రం మొదటి ముద్దలోనే చుట్టరికం తెలిసిపోతుంది. మిరియాల ఘాటు, కార్జం రుచి, మధ్యలో ఓట్ల రవ్వ పంటికి తగలడం, అన్నీ మనం ఎరిగిన రుచులే.

ఇది తేలిక కావడానికి మూడు కారణాలు. ఒకటి, దుకాణంలో అమ్మే హాగిస్ మామూలుగా ఉడికించి అమ్మేదే, ప్యాకెట్ మీద ఒకసారి చూసుకుంటే సరిపోతుంది. లోపల పచ్చిగా ఉండిపోతుందన్న టెన్షన్ ఉండదు, బాగా వేడెక్కితే చాలు. రెండు, అందులో కొవ్వు ఉంది కాబట్టి వేడి గాలికి త్వరగా ఎండదు, లోపలి నుంచి ఆ కొవ్వు కొంచెం కొంచెంగా పైపొరలోకి ఊరి పొడిని తడుపుతుంది. మూడు, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి హాగిస్ మట్టిముద్దలా చక్కగా ఉండకడుతుంది.

454 గ్రాముల ప్యాకెట్‌కి 28 గ్రాముల చొప్పున పదహారు ఉండలు వస్తాయి. పెద్ద ఉసిరికాయంత ఉండాలి. చేతులు చల్లటి నీళ్ళలో తడుపుకుని చేస్తే అంటుకోదు. ఉండలు కట్టాక ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, మైదాలో దొర్లించి, గిలక్కొట్టిన గుడ్డులో ముంచి, వేయించిన పొడిలో అద్దాలి. అద్దాక మళ్ళీ పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో. ఆ పదిహేను నిమిషాల్లో మైదా తడి పీల్చుకుని పొరంతా ఒకటిగా పట్టుకుంటుంది, వేడి తగిలాక ఊడిపోదు. తొందరలో చాలామంది వదిలేసేది ఈ మెట్టునే. తర్వాత 190 డిగ్రీల సెల్సియస్‌లో ఎనిమిది నుంచి పది నిమిషాలు, మధ్యలో ఒకసారి మెల్లగా తిప్పాలి. బుట్ట పట్టుకుని ఎగరేస్తే పొర పగులుతుంది. పటకారుతో ఒక్కొక్కటీ తిప్పండి.

గొర్రె అని రాసి ఉంది కదా అని అందరికీ పెట్టేయకండి. కొన్ని హాగిస్‌లలో బీఫ్ కొవ్వు కలుస్తుంది. తినని అతిథులు ఉంటే వెనక లేబుల్ చదివాకే కొనాలి. ఇంకో సంగతి, అమెరికాలో ఉన్న మనవాళ్ళు అసలు హాగిస్ కోసం వెతకనక్కర్లేదు. పశువుల ఊపిరితిత్తులు ఆహారంగా వాడకూడదని 1971లో అక్కడ నిబంధన పెట్టారు. ఊపిరితిత్తులు లేకుండా అక్కడే చేసేవి గానీ శాకాహారం గానీ దొరుకుతాయి.

శాకాహార హాగిస్‌ని చిన్నచూపు చూడకండి. 1984లో ఎడిన్‌బరోలో స్కాటిష్ పొయెట్రీ లైబ్రరీ ప్రారంభం సందర్భంగా మాక్‌స్వీన్ అనే కుటుంబం నడిపే మాంసం దుకాణం వాళ్ళు దాన్ని తయారుచేశారు. ఇప్పుడు ఎక్కడ చూసినా దొరుకుతుంది. పప్పులు, బీన్స్, క్యారెట్, గింజలు, ఓట్లు ఉంటాయి. మాంసం హాగిస్ కన్నా పొడిగా ఉంటుంది కాబట్టి ఉండ కట్టేముందు ఒక స్పూను వెన్నో నూనో కలపాలి, సమయం రెండు నిమిషాలు తగ్గించాలి. గుడ్డు కూడా తిననివాళ్ళకి మైదా, కార్న్‌ఫ్లోర్ సమంగా తీసుకుని దోసెపిండి కన్నా కొంచెం జారుగా కలిపి, అందులో ముంచి పొడిలో అద్దితే సరిపోతుంది. కట్లెట్‌కి మనం చేసేది ఇదే.

తోడుగా ఇక్కడివాళ్ళు విస్కీ, మస్టర్డ్ కలిపిన క్రీమ్ సాస్ పెడతారు. మా ఇంట్లో పండుమిరప పచ్చడిలో కాస్త పెరుగు కలిపి పెడతాను. ప్లేటులో ముందు ఖాళీ అయ్యేది ఆ గిన్నే.

స్కాచ్ ఎగ్: చూడ్డానికి తేలిక, చేయడానికి ఓపిక

ముందే చెప్పేస్తాను, అతిథులు వచ్చే రోజు మొదటిసారిగా దీన్ని పెట్టుకోకండి. ఒక ఆదివారం ఇంట్లోవాళ్ళ కోసం చేసి చూసుకుని, చేయి తిరిగాక నలుగురి ముందు పెట్టండి.

పేరులో స్కాచ్ ఉన్నా ఇది స్కాట్లాండ్‌లో పుట్టిందని గట్టిగా చెప్పేవాళ్ళు తక్కువ. 1738లో మేమే చేశామని లండన్‌లోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ దుకాణం చెప్పుకుంటుంది. 1809 నాటికి మరియా రండెల్ వంటల పుస్తకంలో అచ్చయింది. అందులో దీన్ని గ్రేవీతో వేడిగా వడ్డించమని ఉంది. మొఘలుల నర్గిసి కోఫ్తానే దీనికి మూలమని అనుకునేవాళ్ళూ ఉన్నారు. హైదరాబాద్‌లో నర్గిసి కోఫ్తా తిన్నవాళ్ళు స్కాచ్ ఎగ్‌ని నిలువునా కోసి చూస్తే ఆ మాట ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. మధ్యలో పసుపు, చుట్టూ తెలుపు, దాని చుట్టూ మాంసం, అచ్చం అదే కోత. ఏదైతేనేం, ఇవాళ స్కాట్లాండ్ మాంసం దుకాణాల్లో స్కాచ్ పై అనే కీమా కూరిన పేస్ట్రీ పక్కనే స్కాచ్ ఎగ్ కూడా ఉంటుంది, దాని ఊరు ఇదే అన్నట్టుగా.

ఎయిర్ ఫ్రయర్‌లో ఇదెందుకు కష్టం? లోపలి గుడ్డు ముందే ఉడికింది, ఇంకా ఉడికితే గట్టిపడిపోతుంది. చుట్టూ ఉన్న మాంసం పచ్చిది, పూర్తిగా ఉడకాలి. పైన పొడి మాడకూడదు. మూడింటికీ మూడు లెక్కలు, ఉన్న సమయం మాత్రం ఒక్కటే.

నేను మొదటిసారి చేసినప్పుడు పదో నిమిషంలో బుట్ట లాగి చూస్తే నాలుగింటిలో రెండు నోరు తెరిచి ఉన్నాయి. ఒకదానికి అతుకు దగ్గర వేలు దూరేంత బీట, అందులోంచి తెల్లటి గుడ్డు బయటకి చూస్తోంది, మాంసం గుడ్డు మీంచి జారి ఒక పక్కకి చేరింది. తర్వాత ఆలోచిస్తే రెండు తప్పులు కనిపించాయి. గుడ్డు తుడవకుండా తడితోనే చుట్టేశాను. మాంసాన్ని అరచేతిలో పరిచినప్పుడు మధ్యలో మందంగా, అంచుల్లో పల్చగా వదిలేశాను. వేడికి మాంసం ముడుచుకుంటుంది. పల్చగా ఉన్నచోట చిరుగుతుంది.

అప్పట్నుంచి ఇలా చేస్తున్నాను. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి వచ్చాక, మరుగుతున్న నీళ్ళలో సరిగ్గా ఆరు నిమిషాలు, తర్వాత ఐసు నీళ్ళలో పది నిమిషాలు. పెంకు తీసి, గుడ్డతో తుడిచి, మైదాలో దొర్లించాలి. ఒక్కో గుడ్డుకి 100 గ్రాముల సాసేజ్ మీట్, అంటే మసాలా కలిపిన కీమా. రెండు ప్లాస్టిక్ షీట్ల మధ్య పెట్టి చపాతీ కర్రతో ఒకే మందంలో ఒత్తితే అంచు, మధ్య సమంగా వస్తాయి. గుడ్డు మధ్యలో పెట్టి, షీట్‌తో సహా మూటలా దగ్గరకి లాగి, అతుకు మీద తడివేలితో నునుపు చేయాలి. పూర్ణం బూరెకి పూర్ణం ఎక్కడా కనపడకుండా ఉండాలి చూడండి, అంత శ్రద్ధ కావాలి ఇక్కడ. పొడి అద్దాక అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, 180 డిగ్రీల్లో పదిహేను నిమిషాలు, సగంలో తిప్పాలి. అతుకున్న వైపు మొదట కిందకి ఉండాలి.

రంగు చూసి ఉడికిందనుకోవడం ఇక్కడ ప్రమాదం. పొడిని మనం ముందే ఎర్రగా వేయించాం కాబట్టి మొదటి నిమిషం నుంచీ అది వేగినట్టే కనిపిస్తుంది. గుచ్చి చూసే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. మాంసం మధ్యలో 75 డిగ్రీలు చూపించాలి. ఈ వంటలకి ఎయిర్ ఫ్రయర్ తర్వాత నేను పెట్టిన డబ్బుల్లో దానికి పెట్టినవే ఎక్కువ పనికొచ్చాయి.

పచ్చసొన జారుగా ఉంచాలా వద్దా అన్నది మీరున్న చోటుని బట్టి. బ్రిటన్‌లో సింహం ముద్ర ఉన్న గుడ్లని జారుగా ఉన్నా తినవచ్చని, గర్భిణులకీ పసిపిల్లలకీ కూడా పెట్టవచ్చని 2017లో ఆహార భద్రతా సంస్థ సలహా మార్చింది. మన ఊళ్ళో చేసేవాళ్ళు మాత్రం తొమ్మిది, పది నిమిషాలు ఉడికించి గట్టి పచ్చసొనతోనే చేయండి. జారే సొన అందం పోతుంది, నిజమే, కానీ పిల్లలకి పెట్టేటప్పుడు మనసు కుదురుగా ఉంటుంది.

ఇక్కడ సాసేజ్ మీట్ అంటే మామూలుగా పంది మాంసం. వద్దనుకుంటే చికెన్ కీమాతో చేయవచ్చు, తొడ మాంసమే అయ్యుండాలి. రొమ్ము మాంసం కొవ్వు లేక గాలికి పీచుగా తయారవుతుంది. 400 గ్రాములకి ఒక స్పూను నూనె, ఒక స్పూను నీళ్ళలో నానిన బ్రెడ్ కలిపితే మెత్తదనం నిలుస్తుంది.

చేప: రెండు దారులు, రెండు రుచులు

స్కాట్లాండ్‌లో చిప్ షాపుకి వెళ్ళి చేప అడిగితే ఎక్కువచోట్ల హాడక్ ఇస్తారు. ఇంగ్లండ్‌లో కాడ్ ఎంతో ఇక్కడ హాడక్ అంత. గ్లాస్గోలో దాని మీద ఉప్పు, వెనిగర్ చల్లుతారు. ఎడిన్‌బరోలో ఉప్పు, సాస్ అంటారు, పల్చటి గోధుమరంగు సాస్ అది. రెండు ఊళ్ళ మధ్య ఈ విషయంలో పట్టింపు చాలా ఉంది.

షాపులో వచ్చే జారుపిండి పూత ఎయిర్ ఫ్రయర్‌లో కుదరదు. మిరపకాయ బజ్జీ ఎందుకు కుదరదో ఇదీ అందుకే కుదరదు. నూనెలో పడగానే జారుపిండి క్షణంలో గడ్డకట్టి పొంగుతుంది. గాలిలో అయితే గడ్డకట్టేలోపే బుట్ట కన్నాల్లోంచి కారిపోతుంది. స్టోన్‌హేవెన్‌లో మొదలైందని చెప్పే నూనెలో వేయించిన మార్స్ చాక్లెట్ బార్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది, అడగకముందే చెప్తున్నాను. జారుపిండి వంటల్ని మూకుడికే వదిలేసి, పొడి అద్దేవాటినే ఇటు తెచ్చుకోండి.

హాడక్ ముక్కకి నీళ్ళే శత్రువు. కొవ్వు తక్కువ, తడి ఎక్కువ ఉన్న చేప అది. ఉప్పు రాసి పదిహేను నిమిషాలు ఉంచితే నీరు బయటకి వస్తుంది. కాగితంతో గట్టిగా అద్ది తుడిచి, అప్పుడు మైదా, గుడ్డు, పొడి. 150 గ్రాముల ముక్కకి 200 డిగ్రీల్లో పది నిమిషాలు. ఈ చేపని ఆలస్యంగా తినకూడదు. ప్లేటులోకి తీసిన ఐదు నిమిషాలకి లోపలి ఆవిరి పొడిని మెత్తబరుస్తుంది. అందుకే దీన్ని పార్టీకి డబ్బాలో పట్టుకెళ్ళడానికి పెట్టుకోకండి, ఇంట్లో అందరూ బల్ల దగ్గర కూర్చున్నాక మొదలుపెట్టండి.

రెండో దారి హెర్రింగ్. నాకు ఎంతో ఇష్టమైనది. బ్రెడ్ పొడి కాకుండా ఓట్ల రవ్వలో అద్ది వేయించడం ఇక్కడి పాత పద్ధతి. గోధుమ సరిగా పండని చలి, వాన ఉన్న నేల ఇది, ఓట్లు మాత్రం బాగా పండాయి. కాబట్టి గంజికీ, రొట్టెకీ, చేప మీద పూతకీ అదే ధాన్యం. ఉల్లిపాయ, ఓట్ల రవ్వ కొవ్వులో వేయించి చేసే స్కర్లీ అనే వంటకం ఒకటుంది. పొయ్యి మీద చూస్తే పొడిపొడిగా చేసిన ఉప్మా అనుకుంటారు.

హెర్రింగ్ నూనె చేప. గాలి వేడికి దాని నూనె దానికదే బయటకొచ్చి రవ్వని లోపలి నుంచి వేయిస్తుంది. గుడ్డు కూడా అక్కర్లేదు, చేప తడికే రవ్వ అంటుకుంటుంది. అరచేత్తో గట్టిగా ఒత్తి, తోలు వైపు పైకి పెట్టి, 200 డిగ్రీల్లో ఏడెనిమిది నిమిషాలు. నమిలితే బ్రెడ్ పొడిలా పెళపెళ విరగదు, వేరుశనగపప్పు వేగినట్టు గట్టిగా, కమ్మగా ఉంటుంది. సన్న ముళ్ళు ఉంటాయి. కవళ్ళు తినే అలవాటున్న కోస్తా వాళ్ళకి అది లెక్కే కాదు. వాసన మాత్రం మర్నాటిదాకా వంటింట్లో ఉంటుంది, కిటికీ తెరిచే చేయండి.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. బ్లాక్ పుడ్డింగ్ నెత్తురు, ఓట్లు, కొవ్వు కలిపి చేసేది. స్టోర్నోవేలో చేసేదానికి 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తెలంగాణలో నల్ల వేపుడు తినేవాళ్ళకి కొత్తేం కాదు. ఉండలు చేస్తే హాగిస్ కన్నా త్వరగా ఎండుతుంది, ఏడు నిమిషాలు దాటనివ్వకండి. దీన్ని విడిగా కాకుండా స్కాచ్ ఎగ్ మాంసంలో మూడో వంతు కలిపితే ఇంకా బాగుంటుంది. పొగబెట్టిన హాడక్, బంగాళాదుంప, ఉల్లిపాయలతో చేసే కల్లెన్ స్కింక్ అనే సూప్ ఉంది కదా, అవే సరుకులతో కట్లెట్లు చేయవచ్చు. దుంపలు తొక్కతో ఉడికించి, ఆవిరంతా పోయాక చిదమాలి, తడి దుంపయితే పొర పగిలి బయటకి ఉబుకుతుంది. మాకరోనీ చీజ్ ఉండలు పిల్లలు అడుగుతారు గానీ చీజ్ కారి బుట్టకి అంటుకుంటుంది, కడుక్కోవడం నరకం. వాటిని ఫ్రోజెన్‌వే కొనండి.

ఏ పొడి కొనాలి

పాంకో రేకులు పెద్దవి, మధ్యలో గాలి ఉంటుంది. వేయించి వాడితే దానికి సాటి లేదు. హాగిస్ ఉండలకీ, స్కాచ్ ఎగ్‌కీ అదే కొనండి. స్కాచ్ ఎగ్‌కి మాత్రం కొంచెం నలిపి వాడండి, మరీ పెద్ద రేకులు గుండ్రటి గుడ్డు మీద సరిగా కూర్చోవు.

మాంసం దుకాణాల్లో, సూపర్‌మార్కెట్లలో నారింజరంగు సన్న పొడి ప్యాకెట్లు దొరుకుతాయి. రంగు ముందే ఉంది కాబట్టి పని సులువనిపిస్తుంది. చేప ముక్కలకి బాగానే పట్టుకుంటుంది కూడా. కానీ అది సన్న ఇసుకలా ఉంటుంది, పైపొర పల్చగా, చదునుగా వస్తుంది. నూనె పట్టించకుండా వాడితే నోట్లో పిండి పిండిగా తగులుతుంది. ఇందాక చెప్పిన రంగు మోసం దీనికి రెట్టింపు. పచ్చి మాంసం మీద ఇది వాడేటప్పుడు థర్మామీటర్ తప్పనిసరి.

ఇంట్లో మిగిలిన బ్రెడ్‌ని రెండ్రోజులు ఆరబెట్టి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పిన పొడి, పాంకోకి దగ్గరగా వస్తుంది, డబ్బూ ఖర్చు కాదు. మెత్తగా పట్టకూడదు, అంతే. చేపల వేపుడికి మనం వాడే బొంబాయి రవ్వ నేను ప్రయత్నించాను. నూనెలో బాగుండే ఆ రవ్వ ఇక్కడ ఉడకక, వేగక పంటికింద రాయిలా తగిలింది. ఓట్ల రవ్వ కావాలంటే మీడియం రకం తీసుకోండి. పిన్‌హెడ్ అనే పెద్ద నూక రకం గాలిలో గట్టిగానే ఉండిపోతుంది.

మిషన్, బుట్ట, పొగ

కొత్తగా కొనేవాళ్ళు ఫ్యాను బలం, బుట్ట అడుగు వెడల్పు చూడండి. లీటర్ల లెక్క చూసి మోసపోకండి. లోతు ఎక్కువున్న బుట్టలో పదహారు ఉండలు ఒకదాని మీద ఒకటి పడతాయి, ఒకదాన్నొకటి ఆనుకున్న చోట పొర మెత్తగా ఉండిపోతుంది. ఒకే వరసలో, వేలెడు సందుతో పరచగలిగితే అదే సరైన సైజు. రెండు బుట్టల మిషన్ ఇద్దరు ముగ్గురికి మించిన ఇంట్లో నిజంగా పనికొస్తుంది, ఒకదాంట్లో చేప, ఒకదాంట్లో చిప్స్. తలుపు తెరిచే ఓవెన్ రకంలో అరలు ఎక్కువ గానీ, కింది అరకి గాలి పల్చబడుతుంది, మధ్యలో అరలు మార్చాల్సి వస్తుంది. ఇంట్లో ఇప్పటికే ఫ్యాన్ ఓవెన్ ఉంటే వీటికోసం ఎయిర్ ఫ్రయర్ కొననక్కర్లేదు. ట్రే మీద జాలీ పెట్టి, సమయం ఐదారు నిమిషాలు పెంచితే ఈ వంటలన్నీ వస్తాయి.

బుట్టలో కాగితం, సిలికాన్ గిన్నె పరిస్తే కడగడం తేలిక, కానీ కింద గాలి ఆగిపోయి అడుగు తడిగా ఉంటుంది. పొడి అద్దిన వాటికి అవి వద్దు. నూనె చల్లడానికి గ్యాస్‌తో వచ్చే స్ప్రే డబ్బాలు కొన్నిటిలో కలిపే పదార్థాలు నాన్‌స్టిక్ పూత మీద జిగురులా పేరుకుంటాయి. చేత్తో నొక్కే మామూలు స్ప్రే సీసాలో మీ వంటనూనె పోసుకోండి.

పొగ సంగతి ఇక్కడుండే వాళ్ళకి ముఖ్యం. స్కాట్లాండ్‌లో 2022 ఫిబ్రవరి నుంచి ప్రతి ఇంట్లో ఒకదానితో ఒకటి కలిసి మోగే అలారంలు ఉండాలన్న నియమం ఉంది. హాల్లో ఒకటి మోగితే ఇల్లంతా మోగుతుంది. మూకుడు పెట్టి బజ్జీలు వేసిన రాత్రి మా పక్కింటి పెద్దావిడ నైట్ గౌనుతో మెట్ల మీదకి వచ్చి నిలబడిన దృశ్యం నేను మర్చిపోలేను. ఎయిర్ ఫ్రయర్‌తో ఆ గొడవ చాలావరకు తగ్గింది. అయినా సాసేజ్ మీట్, హాగిస్ కొవ్వు కారి కింద అడుగున కాలితే పొగ వస్తుంది. జాలీ కింద రెండు స్పూన్ల నీళ్ళు పోసి ఉంచితే కారిన కొవ్వు నీళ్ళలో పడుతుంది, పొగ రాదు.

మీ ఇంటికి ఏది

పార్టీకి పట్టుకెళ్ళాలంటే హాగిస్ ఉండలే. చల్లారినా రుచి చెడదు, అక్కడ ఇంకో ఎయిర్ ఫ్రయర్ ఉంటే 160 డిగ్రీల్లో నాలుగు నిమిషాల్లో మళ్ళీ కరకరలాడతాయి. మధ్యాహ్నం డబ్బాలోకి, ప్రయాణానికి స్కాచ్ ఎగ్. అది చల్లగా తినడానికే పేరుపడింది, కానీ తినేదాకా ఫ్రిజ్‌లోనో ఐసు పెట్టిన బ్యాగులోనో ఉండాలి. వారం మధ్యలో ఆఫీసు నుంచి వచ్చి అరగంటలో తినాలంటే హాడక్. ఒక్కరే ఉండి, మంచి చేప తినాలనిపించిన రోజు హెర్రింగ్. శాకాహారులున్న ఇంట్లో శాకాహార హాగిస్ ఉండలు, వాటికి వేరే పళ్ళెం, వేరే పటకారు, ముందు వాయి వాళ్ళదే.

వేయించిన పొడి వాడిన ఉండల ఫొటో ఆ అమ్మాయి ఈ ఏడాది మళ్ళీ పంపింది. బెల్లం పాకం రంగులో పదహారు ఉండలు, ఒకటి కొరికి ఉంది. "అక్కా, మిగిలినవి ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?" అని కింద ఇంకో ప్రశ్న. పెట్టవచ్చు, కాకపోతే వండకముందే. కొన్న హాగిస్ ఫ్రీజ్ చేయని ప్యాకెట్ అయితే, పొడి అద్దిన ఉండల్ని పళ్ళెంలో విడివిడిగా గడ్డకట్టించి, తర్వాత కవర్లో వేసుకోండి. కరిగించకుండా నేరుగా 180 డిగ్రీల్లో పన్నెండు, పదమూడు నిమిషాలు పెట్టి, ఒకదాన్ని చీల్చి మధ్యలో పొగలు వస్తున్నాయో లేదో చూసి వడ్డించండి.